పిచ్చుక కట్టిన గదులు

ఆ వీధిలో ఆవిడను అందరూ ఫోటోలావిడ అనేవారు. చెప్పుల కొట్లకూ గిన్నెల కొట్లకూ గడియారాల కొట్లకూ కేటలాగు ఫోటోలు తీసేది. తళతళలాడే గిన్నెలో తన మొహం పడకుండా గిన్నెను మాత్రమే తీయడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. భర్త లెక్కల మాస్టారు, ఆట్టే మాట్లాడని మనిషి. ఆ ఇంట్లో మూడో మనిషి మాస్టారి చెల్లెలు. ఎక్కడ పుల్ల కనిపించినా, దారప్పోగు కనిపించినా ఏరి దాచుకునే అలవాటు చిన్నప్పుడే అబ్బడంతో ఆమెకు పిచ్చుక అని పేరు పడిపోయింది. నలభై దాటి, జుట్టు సగం తెల్లబడ్డా ఆ పేరు వదల్లేదు.

పిచ్చుక పెళ్లి చేసుకోలేదు. కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పని. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్లు చెక్కి, ఒక్కో పన్నూ వరసలో కూర్చేది. "ఊళ్లో సగం నవ్వులు నా చేతి మీదుగా పోయినవే" అని గొప్పలు పోయేది. ఫోటోలావిడ కాపురానికి వచ్చిన కొత్తలో ఎవరో చుట్టం ఆవిడ చెవిలో "ఆడబిడ్డ అర్ధమొగుడు, జాగ్రత్తమ్మా" అని ఊదింది. పక్కనే ఉన్న పిచ్చుక వినేసింది. "సగమే కదా వదినా, ఆ సగానికి వంట నేనే చేసి పెడతాలే" అంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. వాళ్ల పొత్తు ఆ రోజే కుదిరిపోయింది.

ఒక ఆదివారం పిచ్చుక తన గదిలోంచి ఒక చెప్పుల డబ్బా తెచ్చి కిటికీ పక్కన బల్ల మీద పెట్టింది. డబ్బాకు ఒక వైపు గోడ లేదు. లోపల ఒక గది ఉంది. అరచేతిలో పట్టే మంచం, దాని మీద నలిగిన దుప్పటి. పొయ్యి ఉన్న మూల గోడకు మసి. మేకు ఊడిపోయిన చోట పెచ్చు లేచిన సున్నం. తలుపు ఓరగా వేసి ఉంది. ఇవన్నీ ప్లాస్టరుతో, అట్టతో, మైనం చెక్కే పనిముట్లతో ఆమె తీరిక వేళల్లో చేసుకున్నవి.

మాస్టారు వంగి చూశాడు. చాలాసేపు అలాగే వంగి ఉండిపోయాడు. "ఇది మనం ఉన్న మెట్ల కింది గదే కదే" అన్నాడు చెల్లెలితో. పిచ్చుక తలూపింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ అవతలికి వెళ్లిపోయాడు.

ఫోటోలావిడ ఆ మాట విన్నది. కానీ అప్పటికే కన్ను కెమెరాకు ఆనించి ఉంది. కిటికీ వెలుగుకు పల్చటి కాగితం అడ్డం పెట్టి, కెమెరాను బాగా కిందికి దించి, తలుపు వైపు చూస్తున్నట్టుగా తీసింది. ఫోటో కడిగి చూసుకుంది. అందులో డబ్బా లేదు, అట్ట లేదు. నిజమైన గది ఉంది. ఎవరో ఇప్పుడే వెళ్లినట్టో, ఇప్పుడే రాబోతున్నట్టో ఉంది.

అలా మొదలైంది. అప్పటి నుంచి ఆదివారాలన్నీ ఆ బల్ల దగ్గరే. వారమంతా పిచ్చుక ఒక గది కట్టేది, ఆదివారం వదిన దాన్ని తీసేది. పళ్ల డాక్టర్లు నోట్లో పెట్టి చూసే బుల్లి అద్దం పుచ్చుకుని పిచ్చుక వెలుగును మూలల్లోకి తిప్పేది. ఇద్దరికీ వాదనలు తక్కువేం కాదు.

"ఆ కుర్చీ తీసెయ్యవే, గది ఊపిరాడకుండా ఉంది."

"తియ్యను. ఆ కుర్చీ అక్కడే ఉండేది."

"ఉంటే ఉండనీ, ఫోటోలో వద్దు."

"సరే, తీస్తాను. అయితే ఆ కుర్చీ ఉన్నచోట నేల అరిగినట్టు చేస్తాను, అప్పుడేం చేస్తావు?"

కుర్చీ పోయి అరిగిన నేల మిగిలేది. ఫోటో వచ్చాక ఇద్దరూ చూసుకుని, ఎవరి మాట నెగ్గిందో తెలియక నవ్వుకునేవారు. మాస్టారు టీ పెట్టి తెచ్చి, బల్ల దగ్గరికి రానివ్వరు గనక గుమ్మం దగ్గరే నిలబడి చేయి చాచి అందించేవాడు.

గ్యాలరీ నడిపే పెద్దావిడ ఒకామె ఆ ఫోటోలు చూసి ముక్కున వేలేసుకుంది. వెంటనే ప్రదర్శన పెడదామంది. కాఫీ తాగుతూ, మాటల మధ్యలో అన్నట్టు అంది: "గదులు ఎవరు చేశారన్నది ఇప్పుడు చెప్పక్కర్లేదు. రెండు పేర్లుంటే చూసేవాళ్లకి తికమక. ఇది ఫోటోల ప్రదర్శన, తీసింది మీరు."

ఫోటోలావిడ సరేననలేదు. కాదని కూడా అనలేదు. తర్వాత ఎన్నోసార్లు ఆ క్షణాన్ని తలుచుకుని, కాదనడానికి ఒక్క ముక్క చాలేదే అనుకుంది. అప్పుడు మాత్రం గొంతులో వెలక్కాయ పడ్డట్టు ఊరుకుంది. నిజం చెప్పాలంటే గొంతులో పడింది వెలక్కాయ కాదు, తీపి. ఇన్నేళ్లు గిన్నెలు తీసిన మనిషికి గోడ మీద తన పేరు ఒక్కటే కనపడటం ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

ప్రదర్శన రోజు పిచ్చుక ల్యాబు నుంచి తిన్నగా వచ్చింది. ఒక్కో ఫోటో దగ్గరా ఆగి, కింద అంటించిన చీటీ కూడా చదివింది. ఇంటికి వచ్చాక చెప్పులు విడుస్తూ అంది: "ఏం వదినా, చీటీలు అచ్చేసేటప్పుడు సగంలో సిరా అయిపోయిందా?"

"ఈసారికి ఇలా కానీ. వచ్చేసారి తప్పకుండా వేయిస్తాను."

"అంతేలే. సొమ్మొకరిది, సోకొకరిది" అంది పిచ్చుక. అంటూనే నవ్వింది కూడా. ఆ నవ్వు చూసి ఫోటోలావిడ గండం గడిచిందనుకుంది.

వచ్చేసారి వచ్చింది, ఆ తర్వాతిదీ వచ్చింది. చీటీలో పేరు మాత్రం రాలేదు. ఎప్పటికప్పుడు ఒక కారణం దొరికేది. చీటీలు అచ్చయిపోయాయనో, ఇప్పుడు చెబితే ఇన్నాళ్లూ దాచారంటారనో. పిచ్చుక అడగడం మానేసింది. గదులు కట్టడం మాత్రం మానలేదు. అవి రానురాను ఇంకా బాగా వచ్చేవి. పేపర్లలో రాసేవాళ్లు ఈ గదుల్లో మనిషి ఒంటరితనం ఉందని రాశారు. ఫోటోలావిడ ఆ మాట పట్టుకుని, తనను ఎవరు అడిగినా ఒంటరితనం గురించే చెప్పేది.

ఒక రోజు రేడియోవాళ్లు పిలిచి మాట్లాడించారు. అడిగే అమ్మాయి నెమ్మదిగా, ప్రేమగా అడిగింది: "ఈ గదులన్నీ మీకు ఎక్కణ్ణుంచి వస్తాయండీ?" ఆ గొంతు విని మనసు కరిగినట్టయి ఫోటోలావిడ, "నా లోపలి నుంచి" అనేసింది. స్టూడియో బయటికి వచ్చాక ఆ మాట తనకే బాగా తోచింది. దారంతా మళ్లీ మళ్లీ మనసులో అనుకుంటూ వచ్చింది.

సాయంత్రం పిచ్చుక ఇంటికి వచ్చింది. పెరట్లో చేతులకున్న ప్లాస్టరు కడుక్కుంటూ, వెనక్కి తిరగకుండానే పలకరించింది.

"రేడియోలో నీ గొంతు బాగుంది వదినా."

"విన్నావా?"

"ల్యాబులో అందరం విన్నాం. మా వదినేనని నేనే సౌండు పెంచమన్నాను." చేతులు తుడుచుకుని ఇటు తిరిగింది. "నీ లోపల అన్ని గదులున్నాయని నాకు తెలీదు."

"అదేదో మాటవరసకి అన్నానే."

"మాటవరసకైనా నా పేరు రాలేదు కదా."

ఫోటోలావిడకు తప్పు తెలుసు. తప్పు తెలిసిన మనిషికే కోపం ముందు వస్తుంది. "నువ్వు చేసిన పళ్లు పెట్టుకున్నవాళ్లు నవ్వినప్పుడల్లా నీ పేరు చెబుతున్నారా? అక్కడ లేని పట్టింపు ఇక్కడెందుకు?" అంది.

అడిగినదాన్ని పిచ్చుక నిజంగా తూచి చూసింది.

"పళ్లకి నా పేరెందుకు? నోరు వాళ్లది, నవ్వు వాళ్లది. వాళ్లిచ్చిన కొలతకి నేను చేశాను. మరి ఈ గదులకి కొలత ఎవరిచ్చారు వదినా? ఎప్పుడైనా అడిగావా?"

అడగలేదు. అడగలేదన్న సంగతి అప్పుడే తట్టి, దాన్ని కప్పుకోవడానికి ఫోటోలావిడ ఇంకో మాట విసిరింది.

"నాలుగు అట్టముక్కలకి ఇంత రాద్ధాంతమా?"

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ మాట నోరు దాటుతుండగానే ఆవిడకు తెలిసిపోయింది. గుమ్మంలో నిలబడ్డ మాస్టారు ఇద్దరి మొహాలూ చూసి, అడకత్తెరలో పోకచెక్కలా అక్కడే ఆగిపోయాడు. పిచ్చుక అరిచినా బాగుండేది. తువ్వాలు తీగ మీద ఆరేసి, అంచులు సరిచేసి లోపలికి వెళ్లింది.

కొన్నాళ్లకు ల్యాబు దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని వెళ్లిపోయింది. పోట్లాటేమీ లేదు, "అక్కణ్ణుంచి పనికి దగ్గర" అంది. తన పనిముట్లూ, ఏరి దాచుకున్న పుల్లలూ గుడ్డ పేలికలూ పట్టుకెళ్లింది. కట్టిన గదులు ఎలాగూ మిగల్లేదు. ఫోటో అయిపోగానే విప్పి, ఆ సామానుతోనే ఇంకోటి కట్టడం ఆమె పద్ధతి.

"ఏదో ఒకటి చెప్పి ఆపాల్సింది మీరు" అంది ఫోటోలావిడ భర్తతో.

"నేనా? ఆ గోడల మీద దాని పేరు లేదని మొదటి రోజే చూశాను. అప్పుడే చెప్పాల్సింది. ఇంట్లో గొడవెందుకని నోరు మూసుకున్నాను. ఇద్దరం ఒక తానులో గుడ్డలమే" అన్నాడాయన.

ఆవిడ పని ఆపలేదు. భవనాల నమూనాలు చేసేవాళ్ల చేత గదులు చేయించింది. తలుపులు తెరుచుకునేవి, దీపాలు వెలిగేవి, నేల మీద ఒక్కో పలకా లెక్కపెట్టుకోవచ్చు. ఫోటో తీస్తే అమ్మకానికి పెట్టిన ఇంటి బొమ్మలా వచ్చేది. తానే కూర్చుని అట్ట కోసింది. మంచం చేసింది గానీ, ఆ మంచం మీద దుప్పటి ఎలా నలగాలో తెలియలేదు. ఎవరు పడుకుని లేస్తే నలిగిందో తెలిస్తే గదా!

ఇలా ఉండగా ఒక ప్రచురణకర్త ఆ పాత గదులన్నీ కలిపి పుస్తకం వేస్తానన్నాడు. ఈసారి ఆవిడ మొదటి మాటగానే చెప్పింది, అట్ట మీద రెండు పేర్లుండాలని. ఆయన పేచీ పెట్టకుండా ఒప్పుకున్నాడు. ఇన్నాళ్లూ కొండంత భయపడిన సంగతి ఇంత తేలిగ్గా తేలిపోవడం చూసి ఆవిడకు ఏడుపు వచ్చింది.

ఫోటోలు సంచిలో పెట్టుకుని ల్యాబుకు వెళ్లింది. పిచ్చుక బల్ల దగ్గర, దీపం కింద, ఎవరివో కింది పళ్లు పుచ్చుకుని కూర్చుని ఉంది. వదినను చూసి లేచి నిలబడింది.

"రండి వదినగారూ, కూర్చోండి."

ఇన్నేళ్లలో పిచ్చుక ఆవిడను 'గారు' అనడం అదే మొదటిసారి. తిట్టినా ఇంత దూరం నెట్టేది కాదు. ఫోటోలావిడ కూర్చుని, వచ్చిన పని చెప్పింది. "తప్పు చేశానే" అంది. పిచ్చుక ఫోటోలు తీసుకుని బల్ల మీద వరసగా పరిచింది.

"పేరు వేస్తే వేయండి. కానీ సహాయం ఫలానా అని వేయకండి. నేను సహాయం చెయ్యలేదు."

"గదులు నీవి, ఫోటోలు నావి అని వేస్తాను."

"ఊఁ. అలా అయితే సరే."

"ఒక్కోదానికీ కింద ఏం రాయాలో నువ్వే చెప్పు. ఇన్నాళ్లూ వట్టి నంబర్లు వేశాను."

పిచ్చుక మొదటి ఫోటో మీద వేలు పెట్టింది. "ఇది మెట్ల కింద గది. అమ్మకి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో డ్యూటీ. ఒక్కో వారం ఒక్కో వేళ. అన్నయ్యా నేనూ గదిలో ఉండేవాళ్లం. తలుపు గడియ పెట్టొద్దు, ఓరగా వెయ్యండి, నేను రాగానే మీరు కనపడాలి అనేది. అందుకే తలుపు అలా ఉంది." ఇంకో ఫోటో తీసింది. "ఇది బేకరీ వెనక గది. గోడ వెచ్చగా ఉండేది, వీపు ఆనించుకుని కూర్చునేవాళ్లం. ఇదిగో, ఇక్కడ సున్నం నున్నగా ఉంది చూశారా, మా వీపులు రాసుకుని అలా అయింది. ఇది అమ్మకి జ్వరం వచ్చినప్పుడు ఉన్న ఇల్లు. ఈ ఒక్కదాంట్లోనే అమ్మ ఉండాలి. మంచం మీద చేద్దామనుకున్నాను. చేతకాలేదు."

ఫోటోలావిడ ఆ ఫోటోలను మళ్లీ చూసింది. ఊరంతా ఒంటరితనం అని రాసింది, తానూ ఒంటరితనం అని చెప్పింది. అవి ఒంటరి గదులు కావు. అమ్మ వచ్చే వేళకు పిల్లలు చూస్తూ కూర్చున్న గదులు. ఆ పిల్లల్లో ఒకరు తన ఆడపడుచు, ఒకరు తన కట్టుకున్నవాడు. ఒకే బల్ల దగ్గర ఇన్ని ఆదివారాలు గడిపి, ఈ ముక్క అడగడానికి తనకు తీరిక లేకపోయింది.

"ఒకటి మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాదు" అంది పిచ్చుక. పనిలో పడేసరికి గొంతు పాతగొంతు అయిపోయింది. "కెమెరాని అంత కిందికి ఎందుకు పెట్టావు? నేను చెప్పలేదు కదా. నేల మీద కూర్చుంటే తలుపు నాకు సరిగ్గా ఇలాగే కనపడేది. నీకెలా తెలిసింది వదినా?"

"ఏమో. అక్కణ్ణుంచే బాగుందనిపించింది."

"అదే మరి. అది నీది. అది నేను చెయ్యలేను." ఇంకో ఫోటో తీసి విడిగా పెట్టింది. అందులో చీకట్లోకి ఎక్కుతున్న మెట్లున్నాయి. "దీనికి నా పేరు వద్దు. నేను చేసిన మెట్లు విరిగిపోతే, నువ్వు వట్టి నీడలతో మెట్లు కట్టావు. నాది కానిది నాకెందుకు?" అంటూ తలెత్తింది. ఎదుటి మనిషి కళ్లు చూసి, తాను ఏ వరసలో మాట్లాడుతోందో గుర్తొచ్చినట్టుంది. ఫోటోలన్నీ పేర్చి సంచిలో పెట్టింది. "టీ తాగుతారా?" అని అడిగింది.

పుస్తకం వచ్చింది. అట్ట మీద రెండు పేర్లూ ఒకే అక్షరాల్లో ఉన్నాయి. విడుదల సభలో ఫోటోలావిడ లేచి, ఎవరి గదులో, ఎవరి జ్ఞాపకమో, తాను ఏం చెప్పకుండా దాచిందో అంతా చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసలో మాస్టారి పక్కన కూర్చున్న పిచ్చుకను మాట్లాడమన్నారు. ఆమె లేచి, "వదినగారు చెప్పింది నిజమే" అని కూర్చుంది.

సభ అయ్యాక మెట్ల మీద ఫోటోలావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆదివారం రావే. ఏమీ వద్దు, ఊరికే రా. ఏదో ఒకటి కడదాం."

పిచ్చుక చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"కోపంతో అనట్లేదు వదినగారూ. కోపమైతే ఎప్పుడో తగ్గేది. వెళ్లాక నేనూ ఒకటి రెండుసార్లు కూర్చున్నాను. ఇదివరకు అట్ట చేతిలోకి తీసుకుంటే గోడ ఎక్కడ మడవాలో వేళ్లకే తెలిసిపోయేది. ఇప్పుడు ముందుగా, ఇది ఎవరిది అన్న ఆలోచన వస్తోంది. అది వచ్చిందంటే చెయ్యి ఆడట్లేదు. పేరు వేశారు, సంతోషమే. కానీ ఆ ఆలోచన పోలేదు."

"నా వల్లే కదా."

"మీ వల్లే" అంది పిచ్చుక. మెత్తగానే అంది. మాస్టారు ఆమెను బస్సు దాకా దిగబెట్టడానికి వెళ్లాడు.

తర్వాత ఆమె ఇంటికి రాకపోకలు మానలేదు. వచ్చినప్పుడు ముందు గదిలో కూర్చునేది, మంచినీళ్లు అడిగి తాగేది, వెళ్లేముందు వెళ్లొస్తానని చెప్పి వెళ్లేది. చుట్టాలు అలాగే చేస్తారు, తప్పు పట్టడానికేమీ లేదు.

ఫోటోలావిడ ఇప్పుడు వేరేవి తీస్తోంది, పాత పనివాళ్ల చేతులూ, మూతపడిన దుకాణాలూ. బాగానే ఉంటాయి. ప్రతి ప్రదర్శనలోనూ గోడ మీద పెద్ద చీటీ పెట్టిస్తుంది. ఫోటో కడిగినవాళ్లూ, చట్రం కట్టినవాళ్లూ, దీపం పట్టుకున్నవాళ్లూ, ఒకసారి నిచ్చెన ఎరువిచ్చిన పక్కింటాయనతో సహా అందరి పేర్లూ అందులో ఉంటాయి. "సినిమా టైటిల్స్‌లా ఉందమ్మా" అని గ్యాలరీ పెద్దావిడ నవ్వుతుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన ఆడపిల్లలు మాత్రం ఆవిడ చుట్టూ చేరి, మీలా పేరు పంచుకునే మనసు ఎంతమందికి ఉంటుందండీ అంటారు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆవిడ తల వంచుకుంటుంది. పాపం, ఎంత వినయమో అనుకుంటారు వాళ్లు.